కనకవ్వకు కారు చూసిపెట్టిన సంగతి

సిద్దిపేటలో పాత కార్లు చూసిపెట్టే పనిలోకి ఈ మధ్య కొత్తవాళ్లు చాలామందే వస్తున్నారు. వాళ్ల చేతిలో స్కానర్ ఉంటుంది. స్టీరింగు కింద దాన్ని గుచ్చితే ఇంజన్లో ఎక్కడ లోపం ఉందో తెర మీద చూపిస్తుంది. మంచిదే, నేను పని నేర్చుకునే కాలంలో అది లేదు. అయితే స్కానర్ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాసిపెడదామని కూర్చున్నాను. నేనెన్ని బండ్లు చూశాను, ఎవరెవరికి చూశాను అన్నది ఎవరికీ అక్కరలేదు. నాకు పని నేర్పిన ఉస్తాదు గురించి, జీతమిచ్చిన పటేలు గురించి, కారు కొనడానికి వచ్చిన ఒక ఆడమనిషి గురించి చెప్తే ఈ పని ఏమిటో మీకు తెలుస్తుంది.

రహీం ఉస్తాద్

పాత బస్టాండు వెనక రేకుల షెడ్డులో రహీం ఉస్తాద్ దగ్గర నేను మెకానిక్ పని నేర్చుకున్నాను. ఆయన కోప్పడేవాడు కాదు, మెచ్చుకునేవాడూ కాదు. ఊళ్లో ఎవరైనా పాత కారు కొనాలంటే ముందు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆయన వెనక నేను పానాల సంచి పట్టుకుని నడిచేవాణ్ణి.

ఒకసారి ఒక వకీలు కోసం కారు చూడటానికి వెళ్లాం. అమ్మే ఆసామి చాలా మర్యాదస్తుడు. గేటు దాకా ఎదురొచ్చి, చాయ్ తెప్పించి, బండిని అప్పుడే కడిగించానని చెప్పాడు. ఉస్తాద్ ఆయనకు సలాం చేసేకన్నా ముందే బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. చాయ్ తాగి, "రేపు పొద్దుగాల్నే వస్తం సాబ్, అప్పటిదాంక బండి ముట్టకున్రి" అని చెప్పి లేచాడు.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లాం. బానెట్ మళ్లీ వెచ్చగానే ఉంది. ఉస్తాద్ మూత కూడా తెరవకుండా వెనక్కి తిరిగాడు.

దారిలో అడిగాను. "ఇంజన్ చూడకుంటనే వద్దంటివి ఏంది ఉస్తాద్?"

"చూసిన గద. నేను చెప్పినంక గూడ పొద్దుగాల లేసి బండిని ఎచ్చ జేసిండంటే ఏంది? సల్లగున్నప్పుడు ఆ ఇంజన్ చేసే సప్పుడు మన చెవుల పడొద్దనే గదా."

అరిగిన ఇంజన్ రాత్రంతా చల్లబడి పొద్దున మొదటిసారి స్టార్ట్ అయినప్పుడే నిజం చెప్తుంది. నూనె కిందికి దిగిపోయి ఉంటుంది కాబట్టి లోపలి ఇనుము కాసేపు టకటక కొట్టుకుంటుంది. నూనె తాగే ఇంజనైతే వెనక గొట్టంలోంచి నీలం పొగ ఒక్కసారి బుస్సుమని వస్తుంది. వేడెక్కాక అవే బండ్లు ఎంత బుద్ధిమంతుల్లా ఉంటాయో చెప్పలేను. అందుకే ఇప్పటికీ అంటాను. కొనేవాడు వచ్చేసరికి బండి స్టార్ట్ అయి నిలబడి ఉంటే, అది ఎంత మెరుస్తున్నా ఇంకో రోజు రండి.

ఉస్తాద్ ఇంకొక అలవాటు నేర్పాడు. బండిని చూసినంతసేపు అమ్మే మనిషిని కూడా చూడటం. మనం ఇంజన్ ఆయిల్ మూత తిప్పి లోపల వేలు పెడుతున్నప్పుడు కొందరు సినిమాల గురించి, వానల గురించి మాట్లాడటం మొదలుపెడతారు. ఆ మూత వెనక తెల్లటి వెన్నలాంటిది పేరుకుని ఉంటే నూనెలో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. ఆ వెన్నను మనం చూస్తామని వాళ్లకు ముందే తెలుసు.

సంజీవరెడ్డి పటేల్

ఉస్తాద్ వయసు మీద పడి షెడ్డు మూసేశాక కరీంనగర్ రోడ్డులో సంజీవరెడ్డి పటేల్ పెట్టిన కార్ల బజారులో జీతానికి చేరాను. పటేల్ వాళ్లది వ్యవసాయ కుటుంబం. రైసు మిల్లు నడిపి, అది విసుగొచ్చి కార్లలోకి దిగాడు. హైదరాబాదు నుంచి పాత కార్లు తెచ్చి, చిన్న చిన్న రిపేర్లు చేయించి అమ్మేవాడు. ఆ రిపేర్లు నా పని.

ఆయన చెడ్డవాడని నేను ఎప్పుడూ అనను. మా అవ్వ దవాఖానలో ఉన్నప్పుడు సొంత కారు ఇచ్చి నన్ను పంపిన మనిషి. జీతం ఆలస్యం చేయలేదు. వ్యాపారంలో ఆయనకు ఒకటే పద్ధతి. "అడిగిన దానికి అబద్ధం చెప్పకు యాదగిరీ. అడగని దానికి నోరు తెరవకు" అనేవాడు. చాలాకాలం నాకది న్యాయంగానే తోచింది.

ఒక వానాకాలం హైదరాబాదులో కాలనీలు మునిగాయి. తర్వాత కొద్ది రోజులకు మా బజారుకు ఒక తెల్ల చిన్న కారు వచ్చింది. కొత్త సీటు కవర్లు, కొత్త కార్పెట్లు, లోపలంతా మల్లెపూల సెంటు వాసన. పాత కారులో కొత్త కార్పెట్ కనబడితే నా చెయ్యి దానికదే సీటు బెల్టు మీదికి పోతుంది. బెల్టును మామూలుగా అందరూ సగం వరకే లాగుతారు. దాన్ని చివరిదాకా లాగితే ఎప్పుడూ బయటికి రాని ముక్క బయటపడుతుంది. దాని మీద మట్టి గీత ఉంది. సీటు కింద పట్టాలకు తుప్పు. ఫ్యూజుల డబ్బాలో రాగి తీగల చివర పచ్చటి పొడి. కారు డాష్‌బోర్డు దాకా నీళ్లలో ఉందని అర్థమైంది.

"పటేలా, గిది మునిగిన బండి."

"ఎరుకే. ఇంజన్ ఇప్పిపిచ్చిన, కడిగిపిచ్చిన. నడుస్తున్నది గద?"

నడుస్తున్నమాట నిజమే. అదే దాని చిక్కు. ఇంజన్‌ను విప్పి కడగవచ్చు. కారు ఒళ్లంతా పాకిన వైర్లను ఎవరూ విప్పి తుడవలేరు. లోపలికి దిగిన తడి నెమ్మదిగా తీగను తింటుంది. కొన్ని నెలలకో ఏడాదికో ఒకనాడు రోడ్డు మధ్యలో బండి ఆగిపోతుంది. లేదా ప్రమాదంలో తెరుచుకోవాల్సిన ఎయిర్ బ్యాగ్ బెలూన్ తెరుచుకోదు. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. ఆ కారు మా బజారులో ముందు వరుసలో నిలబడింది.

అడిగిన ప్రశ్న

కనకవ్వ మా బజారుకు వచ్చినప్పుడు వెంట ఆమె భర్త మల్లేశం గౌడ్ కూడా ఉన్నాడు. వాళ్లది వేములఘాట్. మల్లన్నసాగర్ జలాశయం కింద ఊరు మునిగిపోయాక గజ్వేల్ దగ్గర కాలనీలోకి మారారు. మల్లేశం తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఊరితో పాటు తాళ్లు పోయాయి. తర్వాత రెండు కిడ్నీలూ పోయాయి. అప్పటికి ఆయనకు డయాలసిస్ జరిగేది సిద్దిపేట దవాఖానలో. రోజు విడిచి రోజు ఆటోలో రావడం, పోవడం. కనకవ్వ ఇలా కాదని గజ్వేల్‌లో డ్రైవింగ్ నేర్చుకుంది. యాభైకి దగ్గర పడ్డ ఆడమనిషి.

ఆమె బజారంతా తిరిగి తెల్ల కారు దగ్గర ఆగింది. పటేల్ దాని గురించి బాగానే చెప్పాడు. ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఒక్కరే నడిపారని, టైర్లు కొత్తవని, ఏసీ చల్లగా వస్తుందని చెప్పాడు. ఎవరో ఫోన్ చేస్తే ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

ఆమె నా వైపు తిరిగింది.

"అన్నా, నీ పేరేంది?"

"యాదగిరి."

"యాదన్నా, నీ తోడబుట్టిన చెల్లె గీ బండి కొంటనంటే నువ్వు కొనమంటవా?"

అన్నేళ్లలో ఎంతమందో ఎన్నో ప్రశ్నలు అడిగారు. మైలేజీ ఎంత, రంగు ఒరిజినలేనా, ఆఖరి మాట ఏంటి అని అడిగారు. ఇలా ఎవరూ అడగలేదు. దూరంగా ప్లాస్టిక్ కుర్చీలో మల్లేశం కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయన మోచేతి దగ్గర పట్టీ కట్టి ఉంది. నేను నోటితో ఏమీ చెప్పలేదు. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి ఆమె చేతికిచ్చాను.

ఆమె ఆ మట్టిని గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. "గిది వరద మన్ను" అంది. బెల్టును మెల్లగా వదిలేసింది. ఆ తర్వాత చిన్నగా అంది. "మా ఊరే నీళ్లల్ల మునిగింది అన్నా. ఇగ కారు గూడ మునిగిందే కొనాల్నా?"

వాళ్లు వెళ్లిపోయాక పటేల్ నన్ను పిలిచాడు. గదిలోంచి అద్దంలో అంతా చూశాడు.

"ఏం జేసినవ్ యాదగిరీ?"

"ఆమె అడిగింది పటేలా. అడిగిన దానికి అబద్ధం చెప్పద్దని మీరే అంటరు."

"నువ్వు చెప్పలే, చూపెట్టినవ్. రెండిటికి తేడా లేదా?"

"ఆమె పెనిమిటిని డయాలసిస్‌కు తీస్కపోతది. నడిమిట్ల ఆగిపోతే ఎట్ల?"

పటేల్ చాలాసేపు బల్ల మీద వేళ్లతో కొడుతూ కూర్చున్నాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు. "నీదాంట్ల తప్పు లేదు. కని నువ్వు గీడ ఉంటే నేను బండ్లు అమ్మలేను. రేపటి నుంచి రాకు."

ఇంటికి వెళ్లి మా ఆవిడకు ఈ మాట చెప్పడానికి అన్నం తినేదాకా ఆగాను. ఆమె కంచం తీస్తూ, "మరి ఆమెకు బండి దొరికిందా?" అని మాత్రం అడిగింది. దొరకలేదని చెప్పాను. ఉద్యోగం పోయిన మనిషికి అది వింత ప్రశ్నలా అనిపించింది. కానీ పడుకున్నాక నాకూ అదే ప్రశ్న మిగిలింది.

వద్దు, వద్దు, వద్దు

డయాలసిస్ రోజున దవాఖాన వసారాలో కనకవ్వను వెతుక్కుంటూ వెళ్లాను. బండి నేను చూసిపెడతానని చెప్పాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. "నీ కొలువు?" అంది. "పోయింది" అన్నాను. ఇక ఆమె దాని గురించి అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె అన్నం డబ్బాలో నాకూ రెండు రొట్టెలు ఉండేవి.

మేమిద్దరం చాలా బండ్లు చూశాం. ఒకటి మీటరు ప్రకారం తక్కువే తిరిగింది. కానీ క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము మెరుస్తోంది, స్టీరింగు చేతులు ఆనే చోట నున్నగా అయిపోయింది. మీటరును వెనక్కి తిప్పవచ్చు, పెడల్‌ను తిప్పలేరు. వద్దన్నాను. ఇంకోటి ముందు భాగం కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. బానెట్ బోల్టుల మీద పానా పెట్టిన గాట్లున్నాయి, లోపల వెల్డింగు అతుకు కనబడింది. గట్టిగా గుద్దుకున్న బండి. వద్దన్నాను. ఒక డీజిల్ కారు ఆమెకు బాగా నచ్చింది. లోపల టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాడికే తెలియదు. నడుస్తుండగా ఆ బెల్టు తెగితే ఇంజన్ మొత్తం పాడవుతుంది. అదీ వద్దన్నాను.

మర్కూక్‌లో ఇంకో బండి చూసి దాన్నీ వద్దన్నప్పుడు కనకవ్వ రోడ్డు పక్కన నిలబడిపోయింది.

"యాదన్నా, నువ్వు బండి జూస్తున్నవా, పెండ్లి సంబంధం జూస్తున్నవా?"

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"గీ ఎండల దవాఖానకు ఆటోల ఎగురుకుంట పోతుంటే ఆయన తొవ్వ పొడుగూత వాంతులు జేస్కుంటుండు. నువ్వు చెప్పేది నిజమే గావచ్చు. కని నాకు నూరేండ్లు నడిచే బండి వద్దు. రంగు వద్దు, పాటల డబ్బ వద్దు. ఆయనను ఎక్కిచ్చుకున్నంక నడిమిట్ల ఆగని బండి గావాలె. గది చెప్పు నాకు."

తప్పులు పట్టడమే నా పని అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. లోపం లేని పాత కారు ఉండదు. లోపం కనబడగానే తల అడ్డంగా ఊపడం ఎవరైనా చేయగలరు, దానికి నేనెందుకు? ఈ మనిషి ఈ లోపంతో బతకగలడా లేదా అని తేల్చడమే అసలు పని. ప్రాణం మీదికి తెచ్చే లోపాలు కొన్ని ఉంటాయి. వంగిన ఛాసిస్ చట్రం, నీళ్లు దిగిన వైర్లు, నమ్మలేని బ్రేకులు. అవి ఎవరికైనా వద్దు. ఒకసారి బాగు చేయిస్తే పోయేవి కొన్ని. చూడటానికి బాగుండవే తప్ప ఏమీ చేయనివి కొన్ని. మొదటి రకం లేని బండిని వెతకాలి. మిగతా రెండు రకాల్లో ఏమేం ఉన్నాయో కొనేవాళ్లకు విడమరిచి చెప్పి ఊరుకోవాలి. ఇది నాకు రహీం ఉస్తాద్ నేర్పలేదు. మర్కూక్ రోడ్డు మీద కనకవ్వ నేర్పింది.

మద్దూరు కారు

మద్దూరులో పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన కారు అమ్ముతున్నాడని తెలిసింది. ఈసారి మల్లేశంను కూడా వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లాం. చూడగానే కనకవ్వ మొహం చిన్నబోయింది. పెట్రోలు మీద నడిచే చిన్న ఎర్ర కారు. ఎడమ పక్కంతా గీతలు, కుడి పక్క ఒక సొట్ట, వెనక బంపరు తాడుతో కట్టి ఉంది.

"నాకు రివర్సు రాదమ్మా" అన్నాడు ఆ పెద్దాయన సిగ్గుపడుతూ. "ఎనక్కి తీసినప్పుడల్ల గీ గేటుకే తాకుతది."

బానెట్ మీద చెయ్యి పెట్టాను. రాత్రి మంచుతో చల్లగా ఉంది. తాళం తిప్పితే ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. పొగ లేదు, కొట్టుకోవడం లేదు. ఆయిల్ మూత వెనక శుభ్రంగా ఉంది. రేడియేటర్ నీళ్ల మీద నూనె తెట్టు లేదు. ఏసీ వేసి బండిని నిలబెట్టి ఉంచాను, ఫ్యాను సమయానికి తిరిగి ఆగుతుందా లేదా చూడటానికి. చాలామంది ఇంత ఓపిక పట్టరు. ఫ్యాను తిరగని బండి ఎండాకాలం ట్రాఫిక్‌లో ఉడికిపోతుంది. ఆ తర్వాత ఊరి చివర గుంతల రోడ్డు మీద నడిపాను, ఖాళీ చోట గట్టిగా బ్రేకు వేశాను. స్టీరింగు వదిలితే బండి తిన్నగానే పోయింది. ఆ గీతలన్నీ పైపైనే.

దిగి కనకవ్వకు చెప్పాను. "చెల్లే, క్లచ్ ఆఖరికొచ్చింది, మార్చాలె. టైర్లు సూస్తానికి మంచిగున్నయ్ కని పాతవైనయ్, ఎండి పలిగినయ్, అవి గూడ మార్చాలె. ఎనక అద్దం కిందికి దిగది. ఏసీ అంతంతే. గీ గీతలు గిట్లనే ఉంటయ్. కని ఇంజన్, బ్రేకులు, ఒళ్లు మంచిగున్నయ్."

"ఆగదా?"

"ఆగదని ఒట్టేసి చెప్పలేను. ఆగేటట్టు ఏదీ నాకు కనబడలే."

ఆమె మల్లేశం వైపు చూసింది. ఆయన అప్పటికే ముందు సీట్లో కూర్చుని దాన్ని వెనక్కి వాల్చుకున్నాడు. "గీడ పండుకొనొచ్చే" అన్నాడు. వాళ్లను ఎరిగినన్ని రోజుల్లో ఆయన అంత తేలికగా మాట్లాడటం నేను వినలేదు.

క్లచ్ నేనే మార్చాను. టైర్లు మార్పించాను. కొన్న రోజే ఆ గేటు దాటేటప్పుడు కనకవ్వ కుడి పక్క ఇంకో గీత పెట్టింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

తర్వాత

కనకవ్వ వల్ల నాకు కొత్త పని మొదలైంది. దవాఖానకు వచ్చేవాళ్లు, కాలనీవాళ్లు తమకూ బండి చూసిపెట్టమని రావడం మొదలుపెట్టారు. అమ్మేవాళ్ల దగ్గర ఏమీ తీసుకోకుండా, కొనేవాళ్ల దగ్గర కూలి తీసుకుని చూసేవాణ్ణి. ఈ ఒక్క నియమం కొత్తగా వచ్చేవాళ్లు తప్పకుండా పాటించండి. రెండు వైపులా తీసుకున్నవాడి కళ్లు రెండూ సరిగా కనబడవు.

చాలాకాలం తర్వాత సంజీవరెడ్డి పటేల్ మా ఇంటికి వచ్చాడు. ఇంట్లోకి రమ్మంటే అరుగు మీదే కూర్చున్నాడు.

"నా బిడ్డకు హైదరాబాదుల నౌకరి ఒచ్చింది. బండి కావాలంటున్నది. జర నువ్వు చూసిపెట్టు యాదగిరీ."

"మీ బజార్ల లేవా పటేలా?"

"ఉన్నయ్. అందుకే నీ దగ్గరికొచ్చిన."

ఇద్దరం నవ్వాం. ఆ తెల్ల కారు ఎవరికి పోయిందని నేను అడగలేదు. అడిగితే ఆయన నిజం చెప్పేవాడే. ఆ అమ్మాయికి మంచి బండే చూసిపెట్టాను.

మల్లేశం ఆ ఎర్ర కారులో కొన్నేళ్లు తిరిగాడు. దవాఖానకే కాదు, కొండపోచమ్మ గుడికి, బంధువుల ఇళ్లకు, ఒకసారి మల్లన్నసాగర్ కట్ట మీదికి. నీళ్లలో తమ ఊరు ఎక్కడుండేదో వేలుతో చూపించి చాలాసేపు నిలబడ్డాడట. దారిలో బండి ఎప్పుడూ ఆగలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

దినాలు అయిపోయాక కనకవ్వ కారు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. చుట్టాలందరూ ఇక అమ్మెయ్యమంటున్నారని చెప్పింది.

"అమ్మేముందు ఒక్కపారి చూడు. ఏదో సప్పుడొస్తున్నది."

పక్కన కూర్చుని నడపమన్నాను. మా వీధి దాటి, గ్రౌండు దాకా పోయి వచ్చాం. నాకేమీ వినబడలేదు.

"ఏం సప్పుడు చెల్లే? ఏం లేదు గద."

ఆమె స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపింది. "గిప్పుడు. టక్ టక్ అంటున్నది. ఎడమ దిక్కు, ముంగట చక్రం కాడ. వినబడ్తలేదా అన్నా?"

వినబడలేదు. అద్దం దించి తల బయటపెట్టాను. గాలి చప్పుడు ఒక్కటే. ఆమె నా మొహం చూసి బండి ఆపింది. అప్పటికి కొంతకాలంగా ఇంట్లో టీవీ గట్టిగా పెడుతున్నానని మా ఆవిడ అంటూనే ఉంది. ఇంజన్ల పక్కన గడిపిన చెవులు కదా, ముందుగా పోయింది ఆ సన్నటి చప్పుడే. కిందికి దూరి చూస్తే యాక్సిల్ చివర రబ్బరు తొడుగు చిరిగి, చక్రం లోపలి వైపంతా గ్రీజు చిమ్మి ఉంది. కనకవ్వ విన్నది నిజమే.

"చిన్న పనే. అమ్మేదుంటే కొనేటోనికి చెప్పి అమ్ముదాం, వాడే చేపిచ్చుకుంటడు" అన్నాను.

ఆమె కారు చుట్టూ ఒకసారి నడిచింది. "చెయ్యన్నా" అంది. "మా కాలనీల రాజవ్వకు గూడ డయాలసిస్ మొదలైంది. ఆటోల పోతున్నది."

యాక్సిల్ కొత్తది వేశాను. పని అయ్యాక ఆమె బండి తీసుకుని బయల్దేరింది. వీధి మలుపు దగ్గర నేను గేటు పట్టుకుని నిలబడి చెవులు రిక్కించాను. ఎర్ర కారు స్టీరింగు పూర్తిగా తిప్పుకుని మెల్లగా మళ్లింది. నాకు ఏమీ వినబడలేదు, వినబడదని నాకు తెలుసు. కనకవ్వకు కూడా ఆ సంగతి తెలుసు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, చప్పుడు లేదని నాకు కనబడేటట్టు అడ్డంగా ఊపి వెళ్లిపోయింది.